కాల్పుల మోతలో వినబడని పందెం

ఆక్లండ్‌కు దక్షిణపు అంచున ఉన్న పాపకూరలో అసలు తుపాకులూ ఉన్నాయి, చుట్టుపక్కల అసలు పందేలూ ఉన్నాయి. న్యూజీలాండ్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్ఏఎస్ స్థావరం ఇక్కడి మిలిటరీ క్యాంపే. పక్కనున్న టాకనీనీకి పందెపు గుర్రాల శిక్షణలో ఏనాటి నుంచో పేరుంది. మోటార్‌వే దాటి కరాకా వెళ్తే, ఏటా గుర్రపు పిల్లలు లక్షల డాలర్లకు అమ్ముడయ్యే వేలం ప్రాంగణం కనబడుతుంది. అయినా మన తెలుగువాళ్ళు ఏ పుట్టినరోజు విందులోనో కలిస్తే వినబడే బెంగ వీటి గురించి కాదు. "మావాడు రాత్రి ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ కాల్పుల ఆటే వదినా, వీడేమైపోతాడో!"

బెంగ పడొద్దని అనను. పడాల్సిన చోట పడటం లేదన్నదే నా గొడవ. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్ లాంటి ఆటల గురించి పెద్దలకు కొన్ని అపోహలున్నాయి, కుర్రాళ్ళకు కొన్ని ఉన్నాయి. పెద్దల అపోహల వల్ల ఇంట్లో కాస్త అరుపులు వినబడతాయి, అంతే. కుర్రాళ్ళ అపోహలకు మాత్రం బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతాయి.

"కాల్పుల ఆటలు ఆడితే పిల్లలు హింసకు దిగుతారు"

2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ళ పిల్లలు వెయ్యి మంది పైచిలుకుని తీసుకుని, పిల్లల మాటతోనే సరిపెట్టుకోకుండా వాళ్ళ తల్లిదండ్రులను కూడా విడిగా అడిగి చూశారు. హింస ఉన్న ఆటలు ఆడటానికీ పిల్లల దుడుకు ప్రవర్తనకూ మధ్య వాళ్ళకు సంబంధం కనబడలేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం కాస్త భిన్నంగా మాట్లాడుతుంది. అరవడం, తోయడం లాంటి చిన్నపాటి దుడుకుతనంతో కొద్దిపాటి సంబంధం ఉందంటూనే, నిజమైన హింసా నేరాలను ఆటలకు అంటగట్టడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2020లో మళ్ళీ స్పష్టం చేసింది. పండితుల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అది నడుస్తున్నది చికాకు గురించే తప్ప హత్యల గురించి కాదు.

అలాగని ప్రతి ఆటా ప్రతి పిల్లవాడికీ తగినదని కాదు. ఇక్కడ పెద్దలు పట్టించుకోని సంగతి ఒకటుంది. న్యూజీలాండ్‌లో ఆట డబ్బా మీద ఆర్18 అని ఉంటే అది సలహా కాదు, చట్టం. పద్దెనిమిది నిండని పిల్లలకు అలాంటి ఆట అందించడం నేరం. అందించింది దుకాణదారైనా, కన్నతండ్రైనా ఒకటే. బర్త్‌డే కానుకగా మనమే కొనిచ్చి, తర్వాత వాడు ఆడుతున్నాడని మనమే తిట్టడం చాలా ఇళ్ళలో చూస్తున్నదే.

"ఒళ్ళు కదలదు, ఇదేం ఆట?"

2019లో బెర్లిన్‌లో కౌంటర్-స్ట్రైక్ మేజర్ జరిగింది. ఆ ఆటకు అదే ప్రపంచకప్పు స్థాయి పోటీ. సెమీఫైనల్ దాకా వెళ్ళిన రెనెగేడ్స్ జట్టులో న్యూజీలాండ్ వాడు ఒకడున్నాడు: షాన్ కైవై, ఆట పేరు గ్రాటిస్‌ఫాక్షన్. ఈ ఆటలో బాంబు పెట్టాక పేలేది 40 సెకన్లకు. ఆ వ్యవధిలో ఎదుటి అయిదుగురూ ఎక్కడుంటారో అంచనా కట్టాలి, చేతిలో మిగిలిన డబ్బుతో తర్వాతి రౌండుకు ఏ తుపాకీ కొనగలమో లెక్క చూసుకోవాలి. యాక్షన్ ఆటలు ఆడేవారిలో చూపు నిలిపే శక్తి మెరుగ్గా ఉంటుందని 2003లోనే నేచర్ పత్రికలో పరిశోధన వచ్చింది. ఒలింపిక్స్‌లో విలువిద్యకూ, షూటింగ్‌కూ ఆట హోదా ఇచ్చిన మనం ఇక్కడ మాత్రం చెమట కొలవడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

ఇంతటితో పెద్దల వంతు అయిపోయింది.

"ఆట నాకు కొట్టిన పిండి, పందెంలో ఎలా ఓడతాను?"

అసలు గండం ఇది. తెలివైన కుర్రాడే ఇందులో ముందు పడతాడు. ఏ జట్టు ఏ మ్యాపులో బలమైనదో, ఎవరు కొత్తగా చేరారో, ఎవరి చేతికి దెబ్బ తగిలిందో వాడికి కంఠతా వచ్చు. ఆ జ్ఞానం నిజమైనదే. దాన్ని డబ్బు చేసుకోవచ్చన్న నమ్మకమే అబద్ధం.

లెక్క చూద్దాం. రెండు సమానమైన జట్లు ఉన్నాయి. బుకీ రెండింటికీ 1.85 చొప్పున ఆడ్స్ ఇచ్చాడు, అంటే గెలిస్తే డాలరుకు 1.85 చేతికొస్తుంది. ఒకడు ఒక జట్టు మీద వంద డాలర్లు, ఇంకొకడు రెండో జట్టు మీద వంద డాలర్లు పెట్టారు. బుకీ చేతిలోకి రెండు వందలు వచ్చాయి. ఎవరు గెలిచినా వాడిచ్చేది 185. పదిహేను డాలర్లు మ్యాచ్ మొదలవక ముందే వాడివైపోయాయి. ఇలాంటి పందేల్లో నష్టం రాకుండా నిలబడాలంటేనే నువ్వు నూటికి 54 సార్లకు పైగా సరిగ్గా చెప్పాలి. లాభం మాట ఆ తర్వాత. పైగా నీకు తెలిసిన సంగతులన్నీ ఆ ఆడ్స్ కట్టినవాడికీ తెలుసు. ఫలానా ఆటగాడు బాగా ఆడుతున్నాడన్న సంగతి అప్పటికే ధరలో కలిసిపోయి ఉంటుంది. భీమవరం బరుల దగ్గర కుక్కుట శాస్త్రం ఔపోసన పట్టినవాళ్ళకు కొదవా? పొలాలు అమ్ముకున్నవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

మన ఆక్లండ్‌లోనే ఎలర్స్‌లీ రేసుకోర్సులో 1913లో ప్రపంచంలో మొట్టమొదటి ఆటోమేటిక్ టోటలైజేటర్‌ను బిగించారు. జార్జ్ జూలియస్ అనే ఇంజనీరు తయారుచేసిన, గదంత యంత్రం అది. ఏ గుర్రం మీద ఎంత పెట్టారో కూడి చూపడమే దాని పని. ఆ పద్ధతిలో జనం పెట్టిన సొమ్మంతా ఒక కుప్పగా చేరుతుంది. నిర్వాహకుల వాటా ముందే తీసేసి, మిగిలినది గెలిచినవాళ్ళకు పంచుతారు. యంత్రాలు మారాయి, ఫోన్లొచ్చాయి. ముందు తీసే వాటా మాత్రం ఎక్కడికీ పోలేదు.

మ్యాచ్ నడుస్తుండగా పెట్టే లైవ్ పందేలు ఇంకా ఘోరం. మోసాలకు చోటివ్వకూడదని ప్రసారాన్ని కావాలనే కొంత ఆలస్యంగా వదులుతారు. నువ్వు తెరమీద చూస్తున్న రౌండ్ అసలు సర్వర్‌లో ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. అధికారిక డేటా కొనుక్కున్న బుకీకి ఆ సంగతి నీకంటే ముందే తెలుస్తుంది. జరిగిపోయినదాని మీద నువ్వు జోస్యం చెబుతుంటావు. ఇన్ని దాటుకుని ఎవడైనా వరసగా గెలుస్తుంటే? వాడి పందెం పరిమితిని తగ్గించేయడం ఈ వ్యాపారంలో మామూలే. ఓడేవాడి పరిమితిని తగ్గించారన్న మాట మాత్రం అరుదుగా వింటాం.

"ఫిక్సింగ్ క్రికెట్ జబ్బు, ఈ పిల్లల ఆటల్లో ఎవరికి అవసరం?"

చవకగా దొరికే చోటే ఫిక్సింగ్ పుడుతుంది. మేజర్ గెలిస్తే లక్షల డాలర్లొచ్చే జట్టును కొనడం కష్టం. నెలకు అద్దె కూడా రాని చిన్న లీగులో ఆడేవాణ్ణి కొనడానికి పెద్ద ఖర్చవదు. ఇప్పుడు ఆ చిన్న లీగుల మీద కూడా పందేలు తీసుకుంటున్నారు.

2014 ఆగస్టులో అమెరికాలో ఐబైపవర్ అనే గట్టి జట్టు, నెట్‌కోడ్‌గైడ్స్ అనే బలహీనమైన జట్టు చేతిలో 16-4 తేడాతో ఓడింది. అది కావాలని చేసిన పని అని 2015 జనవరిలో పత్రికా కథనంతో బయటపడింది. బంధుమిత్రుల ఖాతాలతో ఎదుటి జట్టు మీద పందెం కట్టించి పదివేల డాలర్లకు పైగా విలువైన స్కిన్లు, అంటే ఆటలో అమ్ముడుపోయే తుపాకీ తొడుగులు, దండుకున్నారు. కౌంటర్-స్ట్రైక్ తయారుచేసిన వాల్వ్ సంస్థ ఏడుగురిని తన పోటీల నుంచి వెలివేసింది. ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల వయసు కుర్రాళ్ళు పదివేల డాలర్ల కోసం కెరీర్ పోగొట్టుకున్నారు.

అది ఎక్కడో అమెరికా కథ అనుకోకండి. మన కుర్రాళ్ళు ఆడేది సిడ్నీ సర్వర్ల మీద, ఆస్ట్రేలియా వాళ్ళతో కలిసే. 2019 ఆగస్టులో విక్టోరియా పోలీసులు కౌంటర్-స్ట్రైక్ మ్యాచ్ ఫిక్సింగ్ అనుమానంతో ఆరుగురు యువకులను అరెస్టు చేశారు. 2020 అక్టోబరులో ఈ-స్పోర్ట్స్ నిజాయితీ కమిషన్ ఈసిక్ పందేల నేరం మీద ఏడుగురు ఆస్ట్రేలియా ఆటగాళ్ళను, 2021 జనవరిలో మరో 35 మందిని నిషేధించింది. మన చుట్టూ ఉన్న ఇంత చిన్న పోటీ ప్రపంచంలో నలభై మందికి పైగా అంటే, బరిలో ఉన్నవాళ్ళలో చిన్న భాగమేం కాదు.

పందెంతో పనిలేని మోసాలూ ఉన్నాయి. 2018లో షాంఘైలో భారత జట్టు ఆటగాడొకడు గురి తప్పకుండా చూసే సాఫ్ట్‌వేర్‌తో దొరికిపోయాడు. నిర్వాహకులకు అనుమానం రాకుండా ఆ ఫైలుకు వర్డ్.ఈఎక్స్ఈ అని పేరు పెట్టుకున్నాడట. 2020లో ఆటలోని ఒక లోపాన్ని వాడుకుని ఎదుటి జట్టు కదలికలు చూసినందుకు 37 మంది కోచ్‌లపై నిషేధం పడింది. తెర మీద కనబడే ఆటలో ఇన్ని కనబడని చేతులున్నప్పుడు, "ఆట నాకు తెలుసు" అన్న మాటకు విలువెంత?

"డబ్బు పెట్టలేదుగా, స్కిన్లే పెట్టాం"

స్కిన్ అంటే ఆటలో తుపాకీకి వేసే రంగుల తొడుగు. దాంతో తూటా బలం పెరగదు, గురి మెరుగవదు. కానీ అమ్ముడుపోతుంది, కొన్ని వేల డాలర్లు పలుకుతాయి. అమ్ముడుపోయేది ఏదైనా డబ్బే. 2016 జులైలో వాల్వ్ స్కిన్ల జూదం నడిపే 23 సైట్లకు నోటీసులిచ్చింది. కొన్ని మూతపడ్డాయి, కొత్తవి పుట్టాయి.

సైట్ల దాకా వెళ్ళని పిల్లలకు ఆటలోనే కేసులనే పెట్టెలున్నాయి. రెండున్నర అమెరికన్ డాలర్లు పెట్టి తాళంచెవి కొని కేసు తెరిస్తే ఏదో ఒక స్కిన్ వస్తుంది. అందరూ కోరుకునే కత్తి వచ్చే అవకాశం 0.26 శాతం. ఈ అంకె చైనా చట్టం అడిగితే బయటపెట్టినది. అంటే సగటున 385 కేసులకు ఒకటి, తాళంచెవులకే దాదాపు 960 డాలర్లు.

ఇది జూదమా? న్యూజీలాండ్ ఆంతరంగిక వ్యవహారాల శాఖ కాదంది. డబ్బో, డబ్బుగా మార్చుకోగలిగేదో గెలవాలని ఆటగాళ్ళు వీటిని కొనరు కాబట్టి చట్టంలోని నిర్వచనానికి రావని 2017లో చెప్పింది. ఆ మాట చెప్పినవాళ్ళు స్కిన్ల మార్కెట్ తెరిచి చూశారో లేదోనని నాకు అనుమానం. బెల్జియం 2018లో జూదమేనని తేల్చింది. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరు నుంచి, డబ్బు పెట్టి కొనే ఇలాంటి పెట్టెలున్న కొత్త ఆటలకు కనీసం ఎం అనే వయసు రేటింగ్ తప్పనిసరి చేసింది. కాబట్టి "గవర్నమెంటే జూదం కాదంది నాన్నా" అని పిల్లవాడంటే వాడు అబద్ధమాడటం లేదు. చట్టం చూపు అంతవరకే ఉంది.

ఇంకో భ్రమ కూడా ఉంది, స్కిన్లు పెట్టుబడి అని. 2025 అక్టోబరులో వాల్వ్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. అయిదు ఎర్ర శ్రేణి స్కిన్లు ఇచ్చి ఒక కత్తి మార్చుకోవచ్చంది. అరుదైన కత్తులు ఒక్కసారిగా అరుదు కాకుండా పోయాయి, ధరలు కుప్పకూలాయి. ఏ రిజర్వు బ్యాంకూ లేదు, ఏ సెబీ లేదు. కంపెనీ నొక్కిన ఒక్క మీట, అంతే.

"ఇక్కడ అన్నీ లీగలే, ఇండియాలో అన్నీ బ్యాన్"

రెండూ తప్పే. న్యూజీలాండ్‌లో విదేశీ జూదం సైట్లకు ప్రకటనలు చేయడం 2003 నాటి జూద చట్టం ప్రకారమే నేరం. కాబట్టి నీకు లింకు పంపి "ఇందులో చేరు, బోనస్ వస్తుంది" అనే స్నేహితుడు, తెలిసో తెలియకో గీత దాటి ఉండవచ్చు. 2025 జూన్ చివరి నుంచి గుర్రప్పందేల మీద, క్రీడల మీద ఆన్‌లైన్‌లో పందేలు తీసుకునే హక్కు ఒక్క టాబ్ సంస్థకే ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అందులోనూ ప్రవేశం లేదు. విదేశీ సైట్‌లో గెలిచినా డబ్బు చేతికి రాకపోతే ఇక్కడ నీ తరఫున అడిగే నాథుడు లేడు.

ఇండియా సంగతికొస్తే, 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను నిషేధించలేదు, చట్టబద్ధమైన క్రీడగా గుర్తించింది. నిషేధించింది డబ్బు ఒడ్డి ఆడే ఆటలను. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేలను మూసేశాయి. ఆంధ్రలో ఆడుతూ దొరికినవాళ్ళకూ జైలు శిక్ష ఉంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్ మియాపూర్ పోలీసులు సినిమావాళ్ళపైనా, యూట్యూబర్లపైనా కేసు పెట్టిన సంగతి గుర్తుండే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్ళి, ఇక్కడి అలవాటుకొద్దీ అక్కడ యాప్ తెరిచేవాళ్ళు ఈ తేడా తెలుసుకుని విమానమెక్కాలి.

"పోయినది రాబట్టుకోగానే మానేస్తాడు"

రాబట్టుకోవడానికి పెట్టే పందెమే పెద్దది. ఇందాకటి 1.85 ఆడ్స్ లెక్కలో ప్రతి పందెం మీదా బుకీకి ఏడున్నర శాతం పోతుంది. పందెం రెట్టింపు చేస్తే ఆ కోతా రెట్టింపవుతుంది. ఇంట్లో గమనించాల్సినది హెడ్‌ఫోన్ పెట్టుకున్న గంటలను కాదు. జీతం పడ్డ రెండోరోజే అప్పు అడగడం, తనకు సంబంధంలేని చిన్న లీగు మ్యాచ్‌ను తెల్లవారుజామున లేచి మరీ చూడటం, ఓడిన జట్టు మీద అవసరానికి మించిన కోపం, ఇవీ చూడాల్సినవి.

అలాంటిది కనబడితే గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0800 654 655 ఉచితం. పగలూ రాత్రీ పలుకుతారు. 8006కు మెసేజ్ పెట్టినా చాలు. ఏషియన్ ఫ్యామిలీ సర్వీసెస్ వారి నంబరు 0800 862 342, అక్కడ హిందీలో మాట్లాడవచ్చు. ఆడేవాళ్ళే చేయాలని లేదు, అమ్మానాన్నలు చేసినా, అదే ఇంట్లో అద్దెకుంటున్న స్నేహితుడు చేసినా మాట్లాడతారు.