గడప దాటిన అప్పులవాడు: తక్షణ రుణ యాప్‌లపై ద్వితీయోపదేశకాండము 24:10-13 వెలుగులో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

సమాచార సాంకేతికత తెచ్చిన నైతిక సమస్యలు అనగానే మన సంఘములలో ఎక్కువగా వినిపించేవి అశ్లీల చిత్రములు, ఫోను వ్యసనము, యౌవనస్థుల కాలహరణము. ఇవి నిజమైన సమస్యలే. అయితే ఇవన్నీ ఒక వ్యక్తి తెరమీద ఏమి చూస్తున్నాడు అనే ప్రశ్నకు సంబంధించినవి. ఆ తెర వెనుక కూర్చుండి ఆ వ్యక్తిని ఎవరు చూస్తున్నారు అనే ప్రశ్నను మనము అంతగా అడుగలేదు. తక్షణ రుణ యాప్‌లు ఈ రెండవ ప్రశ్నను మన ముందుకు తెచ్చినవి.

2020 డిసెంబరులో తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపులు తాళలేక కొందరు ప్రాణములు తీసుకున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసి, వసూళ్ల కొరకు నడుస్తున్న కాల్ సెంటర్లపై దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే: అప్పు ఇచ్చినవానికి బాకీ రాబట్టుకొనే హక్కు ఉన్నది గాని, అప్పు తీసుకున్నవాని గడప దాటే హక్కు లేదు. మోషే ధర్మశాస్త్రము ఈ హద్దును స్పష్టముగా గీసినది. నేడు ఆ గడప ఫోనులో ఉన్నది.

1. ఈ యాప్‌లు పనిచేసే విధానము

బ్యాంకులో అప్పు కావాలంటే కాగితములు, హామీదారుడు, సమయము కావాలి. ఆసుపత్రి ఖర్చు గాని, బిడ్డ కాలేజీ ఫీజు గాని అంత కాలము ఆగదు. యాప్ మాత్రము ఆధార్, పాన్ కార్డు, ఒక సెల్ఫీ అడిగి నిమిషములలో డబ్బు వేస్తుంది. బంగారము అడుగదు, పూచీకత్తు అడుగదు. అయితే ఇక్కడ తాకట్టు ఏమిటి?

యాప్‌ను ఫోనులో వేసుకున్నప్పుడే అది కొన్ని అనుమతులు కోరుతుంది. కాంటాక్టుల జాబితా, ఫోటోలు, మెసేజీలు చూచుటకు అనుమతించని యెడల ముందుకు సాగనివ్వదు. అనుమతించిన వెంటనే ఆ జాబితా అప్పు ఇచ్చేవారి కంప్యూటరుకు చేరుతుంది. వాయిదా ఒక్కరోజు తప్పితే అత్తవారికి, ఆఫీసులోని పైఅధికారికి, తోటి విశ్వాసులకు ఫోన్లు వెళతాయి. ఫోటోను అసభ్యముగా మార్చి, 'దొంగ' అని రాసి వాట్సాప్‌లో పంపుతారు. కనుక ఈ అప్పులో తాకట్టు వస్తువు మనిషి పరువే.

వడ్డీ సంగతి ఒక ఉదాహరణతో చూద్దాము. 5,000 రూపాయల అప్పు అని చెప్పి, ప్రాసెసింగ్ ఫీజు పేరిట 1,500 ముందే పట్టుకొని 3,500 చేతికిస్తే, ఏడు రోజులకు 5,000 కట్టాలి. 3,500 మీద 1,500 అంటే వారమునకు దాదాపు 43 శాతము. మన పల్లెలలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీని భారమంటాము. అది సంవత్సరమునకు 36 శాతము. ఇక్కడ సంవత్సరపు భారమును ఒక్క వారములోనే మించిపోయినది. వడ్డీకి హెబ్రీ భాషలో వాడే 'నెషెఖ్' అను మాట 'కరచుట' అను ధాతువుతో ముడిపడి ఉన్నది. ఆ మాట ఎంత సరియైనదో ఈ లెక్క చెబుతుంది. ఒక యాప్ బాకీ తీర్చుటకు మరొక యాప్‌లో అప్పు చేయుటతో ఈ కాటు మరింత లోతుకు దిగుతుంది.

రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో నియమించిన కార్యబృందము అదే సంవత్సరము నవంబరులో నివేదిక ఇచ్చినది. భారతీయ ఆండ్రాయిడ్ వినియోగదారులకు 80కి పైగా యాప్ స్టోర్లలో దాదాపు 1,100 రుణ యాప్‌లు అందుబాటులో ఉండగా, వాటిలో సుమారు 600 చట్టవిరుద్ధమైనవని ఆ బృందము గుర్తించినది. అన్ని రుణ యాప్‌లు మోసపూరితమని మేము అనుట లేదు. కాని సగమునకు పైగా అక్రమమైనవైన చోట సామాన్యుడు మంచిచెడ్డలు ఎలా తెలిసికొనగలడు?

2. 'బయట' అను మాట

ద్వితీ. 24:10-13 అప్పును నిషేధించలేదు, తాకట్టును కూడ నిషేధించలేదు. తాకట్టు తీసికొనే పద్ధతిని నియంత్రించినది. పొరుగువానికి అప్పు ఇచ్చినవాడు తాకట్టు కొరకు అతని యింట ప్రవేశించరాదు. బయటనే ఆగాలి. ఏ వస్తువు తేవాలో ఇంటివాడే నిర్ణయించి బయటికి తెస్తాడు. 11వ వచనము హెబ్రీ మూలములో 'బయట' అను మాటతోనే మొదలై, 'బయటికి' అను మాటతోనే ముగుస్తుంది. అప్పులవాని స్థలమేదో ఆ వాక్య నిర్మాణమే చూపుతున్నది.

ఇంతకీ గడపకు అంత విలువ ఎందుకు? లోపలికి వచ్చినవాడు అన్నీ చూస్తాడు. పొయ్యిలో నిప్పు ఉన్నదో లేదో, చాపలు ఎన్ని ఉన్నాయో, ఇల్లాలు ఏమి దాచుకున్నదో చూస్తాడు. చూచినదానిని బట్టి బెదిరిస్తాడు. పేదవానికి ఆస్తి లేకపోయినను తన ఇల్లు తనదే. అందులో అతడు దేవుని స్వరూపమందు చేయబడిన మనిషిగా నిలువగలగాలి. ధర్మశాస్త్రము కాపాడినది ఈ గౌరవమునే. పేదవాడు వస్త్రమునే తాకట్టు పెట్టిన యెడల సూర్యాస్తమయమునకు దానిని తిరిగి ఇవ్వాలని కూడ ఆజ్ఞ (ద్వితీ. 24:12-13, నిర్గమ. 22:26-27). ఆమోసు ప్రవక్త తాకట్టు వస్త్రములమీద బలిపీఠముల యొద్ద పండుకొనేవారిని గద్దించినాడు (ఆమోసు 2:8).

ఇది కాగితముమీది ధర్మము మాత్రమే కాదని ఒక పెంకు సాక్ష్యమిస్తున్నది. 1960లో ఇశ్రాయేలు తీరమున యవ్నె యామ్ సమీపములోని మెసాద్ హషవ్యాహు అను చిన్న కోటలో, క్రీ.పూ. 7వ శతాబ్దపు చివరి కాలమునకు చెందిన హెబ్రీ రాత గల మట్టి పెంకు దొరికినది. ఒక కోతపనివాడు అధికారికి పెట్టుకున్న విన్నపమది. తన పని తాను ముగించినను తన వస్త్రమును తీసికొనిపోయారని, దానిని తిరిగి ఇప్పించమని అతడు వేడుకున్నాడు. తనతో ఎండలో కోత కోసిన సహోదరులు తన పక్షమున సాక్ష్యమిస్తారని కూడ చెప్పుకున్నాడు. ఈ మాటను గమనించాలి. ఆనాడు తోటివారు పేదవాని పక్షమున నిలిచే సాక్షులు. రుణ యాప్ ఆ తోటివారినే అతనిమీద ఆయుధముగా మార్చినది.

తెలుగు నేలకు ఈ గడప సమస్య కొత్తది కాదు. సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడిలో ఆత్మహత్యలు జరిగిన తరువాత, 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. వాయిదాలను గ్రామ పంచాయతీ కార్యాలయము వద్ద గాని, నిర్ణయించిన బహిరంగ స్థలములో గాని చెల్లించాలని నియమము పెట్టినది. ఉద్దేశము అదే: అప్పులవాడు ఇంటిముందు కూర్చుండరాదు. పది సంవత్సరములకు అతడు ఫోను ద్వారా నేరుగా ఇంటిలోపలికే వచ్చినాడు.

3. 'అనుమతి ఇచ్చాడు గదా' అను వాదము

అనుమతి నొక్కినది అతడే గనుక తప్పు అతనిదే అని కొందరు విశ్వాసులు కూడ అంటారు. దీనికి మూడు జవాబులు కలవు. మొదటిది, అక్కరలో ఉన్నవాని అంగీకారము స్వేచ్ఛతో ఇచ్చినది కాదు. రెండవది, ధర్మశాస్త్రము అప్పు తీసికొనేవాని అంగీకారమును గూర్చి అడుగదు, ఇచ్చేవానికే ఆజ్ఞాపిస్తుంది. తిరుగటి రాతిని తాకట్టు తీసికొనరాదు, ఏలయనగా అది జీవనాధారము (ద్వితీ. 24:6). పేదవాడు తానే తెచ్చి ఇచ్చినను తీసికొనరాదు. మూడవది, ఫోనులోని మూడువందల పేర్లు అతని సొత్తు కావు. ఆ మూడువందల మంది ఎవరికీ అనుమతి ఇవ్వలేదు.

దేశ చట్టము కూడ ఈ దిశలోనే నడచినది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు ఇచ్చినది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకములు రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టులను, ఫైళ్లను, కాల్ వివరములను తాకరాదని నిర్దేశించినవి. 2023లో గూగుల్ కూడ తన ప్లే స్టోరులోని వ్యక్తిగత రుణ యాప్‌లు ఫోటోలను, కాంటాక్టులను చూడరాదని నియమము చేసినది. అయితే మెసేజీలలో లింకుల ద్వారా నేరుగా వచ్చే అక్రమ యాప్‌లు ఏ నియమమును లెక్కచేయవు. కనుక చట్టము ఉన్నను సంఘము బాధ్యత తీరిపోలేదు.

4. సంఘము చేయవలసినవి

మొదటిది, విశ్వాసిని గూర్చి అటువంటి మెసేజీ వచ్చినప్పుడు దానిని ఎవరికీ పంపరాదు. ఆధారముగా ఒక ప్రతి ఉంచుకొని, ఆ వ్యక్తితో ఏకాంతముగా మాట్లాడాలి. ఆ మెసేజీని నలుగురికి పంపినవాడు అప్పులవానికి జీతము లేని సేవకుడు. ఎవరూ పంపని యెడల ఆ తాకట్టుకు విలువ ఉండదు. యాప్ బలమంతా మన నోటిలోనే ఉన్నది.

రెండవది, బాధితుని వెంట వెళ్లాలి. సైబర్ నేరములకు 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. అప్పుకు ముందే, 2025 జూలై నుండి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో ఉంచిన రుణ యాప్‌ల జాబితాను చూచుకోవచ్చును. సిగ్గుతో కృంగినవానిని ఒంటరిగా విడువరాదు. మానసిక సహాయమునకు టెలి మానస్ 14416 నంబరు కలదు.

మూడవది, అప్పు తీర్చే బాధ్యతను కూడ బోధించాలి (కీర్తన 37:21; రోమా 13:8). ఆడంబరపు పెండ్లిండ్లకు, ఆన్‌లైన్ జూదమునకు చేసే అప్పును అక్కర అని సమర్థించలేము. అయితే ఈ బోధ మెసేజీ వచ్చిన దినమున కాదు, దానికి ముందే జరగాలి.

నాలుగవది, కాల్ సెంటర్లలో పనిచేసేది ఎక్కువగా మన పిల్లలవంటి యౌవనస్థులే. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను, సైనికులను ఉద్యోగము మానుమనలేదు గాని, అన్యాయముగా లాగుకొనుటను, బెదిరించుటను మానుమన్నాడు (లూకా 3:12-14). అయితే బెదిరింపే పనిగా ఉన్న ఉద్యోగములో ఆ షరతు నిలువదు. అట్టి జీతమును విడిచినవానికి వేరొక పని దొరికేవరకు సంఘము తోడుండాలి.

ఐదవది, మన ప్రార్థన గ్రూపులను సరిచూచుకోవాలి. ఫలానా సహోదరుడు అప్పుల్లో ఉన్నాడని పేరుతో సహా ప్రార్థన మనవి పెట్టుట కూడ గడప దాటుటే. అతని అనుమతి లేకుండ పేరు రాయరాదు.

ముగింపు

2 రాజులు 4:1-7లో అప్పులవాడు విధవరాలి ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవుటకు వచ్చినాడు. ఎలీషా ఆమెను నిందించలేదు. ఇంట ఏమున్నదని అడిగినాడు, ఇరుగుపొరుగువారి యొద్ద పాత్రలు తెచ్చుకొమ్మన్నాడు, తలుపు మూసికొని నూనె పోయుమన్నాడు. ఆమె నూనె అమ్మి అప్పు తీర్చినది, మిగిలినదానితో కుటుంబము బ్రతికినది. పొరుగువారు పాత్రలిచ్చారు గాని, లోపల జరిగినది చూడలేదు. అప్పు తీరినది, తలుపు కూడ నిలిచినది. చిన్న మొత్తముల సహాయ నిధి, కుటుంబ లెక్కలు నేర్పే ఒక సాయంకాలము, గుట్టు కాపాడే ఇద్దరు పెద్దలు: ఏ చిన్న సంఘమైనను ఇవ్వగల పాత్రలు ఇవి. వీటిని సమకూర్చే సంఘములో పేదవాడు రాత్రివేళ తెలియని యాప్ తలుపు తట్టవలసిన అవసరము తగ్గుతుంది.