బేతంచెర్ల బండల చాటు రికార్డులు

బేతంచెర్ల పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇంట్లో పరిచే బండలే. ఆ బండలకు పుట్టినిల్లయిన సున్నపురాయినే వాన నీళ్లు యుగాల తరబడి తొలిచి, ఎర్రమలల్లో గవులు చేశాయి. ఇక్కడ జాతీయ పార్కు లేదు, జీపు సఫారీ లేదు. కానీ కరుకు కొండలు, శిలాజాలు, అరుదైన జీవాలు చూడాలనుకునేవాళ్లకు ఈ చుట్టుపక్కల దొరికేంత సరుకు పేరున్న పార్కుల్లో కూడా దొరకదని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది బిల్లసుర్గం గవుల గురించి. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గవుల్లో ఎముకలున్నాయని లోకానికి చెప్పాడు. తర్వాత నలభై ఏళ్లు వాటి జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. డార్విన్ పక్షాన వాదించిన హక్స్‌లీ ఇంగ్లండు నుంచి పట్టుబట్టాక, 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కొడుకు హెన్రీ వచ్చి తవ్వించారు. బయటపడిన ఎముకలను 1886లో శిలాజ నిపుణుడు లైడెకర్ పరిశీలించి, ఒక ఖడ్గమృగానికి ఏకంగా కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. కరువు సీమ అనిపించుకునే నేలలో ఖడ్గమృగమా అని ముక్కున వేలేసుకోవచ్చు. ఆనవాలు మాత్రం గవిలోనే దొరికింది.

అసలు రికార్డు ఇంకా పెద్దది. అదే చోట ఈ శతాబ్దంలో మళ్లీ తవ్విన పరిశోధకులు 2014లో లెక్క తేల్చారు: గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్ష ఏళ్ల, వాటిలో కొన్ని రెండు లక్షల ఏళ్ల ఒడుదొడుకులు దాటి నిలిచాయి. పూర్తిగా పోయింది ఒక్కటే, ఇథియోపియా గెలాడా కోతికి దగ్గరి చుట్టం. చాలా ఖండాల్లో పెద్ద జంతువులు గుంపులు గుంపులుగా అంతరించిన కాలంలో ఇక్కడివి బతికాయి.

దగ్గర్లోనే ముచ్చట్ల చింతమాను గవి ఉంది. 1970లలో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి అక్కడ ఎముకలతో చేసిన పనిముట్లు, సుమారు 17 వేల ఏళ్ల నాటి పొయ్యి ఆనవాళ్లు కనుగొన్నారు. యాగంటి దారిలో జుర్రేరు లోయకు వెళితే జ్వాలాపురం. 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలి ఎగజిమ్మిన బూడిద ఇక్కడ మేటలు వేసింది. ఆ పొరకు కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంటే బూడిద వానకు ముందూ వెనకా ఇక్కడ మనుషులున్నారు.

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. మైదాన ప్రాంతపు గుహల్లో మన దేశంలో దీనిదే మొదటి స్థానం అంటారు. అయితే సందర్శకులు నడిచేది సుమారు ఒకటిన్నర కిలోమీటరే. 46 మీటర్ల లోతున పాతాళగంగ ఉంది. రంగు దీపాలు కాస్త ఎక్కువైనట్టు అనిపిస్తాయి గానీ, ఎండాకాలం మధ్యాహ్నం కర్నూలు వైపు తిరిగేవాళ్లకు ఇది ఎండ తగలని చోటు. ఉక్కపోత మాత్రం తప్పదు.

ఇక పిట్టలు. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. కృష్ణజింకలు బాగానే పెరిగాయి గానీ, ఎవరి కోసం పెట్టారో ఆ పిట్టే అక్కడ కనబడకుండా పోయింది.

కడప వైపు కథ తిరగబడింది. జెర్డన్ కనుగొనగా 1848లో పక్షి శాస్త్రవేత్త బ్లైత్ వర్ణించిన కలివికోడి 1900 తర్వాత మాయమైంది. అంతరించిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ చిక్కింది! దాని కోసం లంకమల అభయారణ్యం వెలిసింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. పొద్దున బస్సెక్కి వెళ్లి చూసొద్దామంటే కుదరదు. అది రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే పిట్ట.