అంబాసిడర్‌కి కొత్త సెట్టు బిగిస్తారా?

కారు స్టీరియో అట్టపెట్టె మీద ‘50 వాట్స్ × 4’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. అదే సెట్టు వెనక ఫ్యూజు చూస్తే 10 ఆంపియర్లు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? ఈసీఈ, ఈఈఈ చదివి ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవాళ్లు కిందికి వెళ్లకుండా ఓ నిమిషం లెక్కేసి చూడండి.

నాకు ఈ ప్రశ్న తగిలింది క్లాసులో కాదు. మామిడికుదురులో, మా మావయ్య అంబాసిడర్ డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు. అప్పటికి బీటెక్ అయి ఆర్నెల్లు. చేతిలో డిస్టింక్షన్ ఉంది, ఉద్యోగం లేదు. కారేమో 1980ల నాటి మార్క్ 4. కోనసీమ పెళ్లిళ్లలో ఓ తరం పెళ్లికొడుకుల్ని మోసిన బండి. అందులో పాత రేడియో మూగబోయి చాలా ఏళ్లయింది. ‘‘ఇంజినీరువి కదరా, కొత్త సెట్టు తెచ్చాను, బిగించు’’ అన్నాడు మావయ్య. అదెంత పని అనుకున్నాను.

పావుగంటలో పొగ వచ్చింది.

షెడ్డులో కారు పక్కనే ఎండిన కొబ్బరి డొక్కల పోగు. మావయ్య పరుగున వచ్చి బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ ఊడబీకాడు కాబట్టి సరిపోయింది. తిట్టలేదు. ‘‘నాలుగేళ్లూ ఏం చెప్పార్రా మీకు?’’ అని ఒక్కమాట అడిగి లోపలికెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

జరిగింది ఇదీ. పాత అంబాసిడర్ ఫ్యూజు బాక్సులో ఉండేవి రెండే గాజు ఫ్యూజులు. ఒకదానికి ఎప్పుడూ కరెంటుంటుంది, రెండోదానికి తాళం తిప్పితేనే. మా కారులో ఉన్నవి 35 ఆంపియర్లవి. సన్నటి రేడియో వైరును నేను నేరుగా అక్కడికి కలిపాను. ‘ఫ్యూజు ఉంది కదా’ అనే ధైర్యం. ఆ వైరు డ్యాష్‌బోర్డు ఇనప అంచుకు ఒరుసుకుని బాడీకి తగిలింది. 35 ఆంపియర్ల ఫ్యూజు కాలేలోపే సన్నవైరు కాలడం మొదలైంది. ఫ్యూజు కాపాడేది సెట్టును అనుకుంటాం గానీ, ముందు అది కాపాడాల్సింది వైరును. అందుకే కరెంటు తీసుకున్న చోటికి జానెడు దూరంలోనే, ఆ వైరు మందానికి తగ్గ ఫ్యూజు విడిగా పెట్టాలి. ఈ మాట నాకు చెప్పింది తాటిపాక దగ్గర షాపున్న ఓ ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన పదో తరగతి దాటలేదు. మర్నాడు వచ్చి ‘‘ఆయ్, ముందు బ్యాటరీ ఎర్త్ తీసెయ్యండి బాబూ, తర్వాతే చెయ్యి పెట్టండి’’ అంటూ మొదలుపెట్టాడు.

మొదట చూడాల్సింది బ్యాటరీ

ఏ టెర్మినల్ బాడీకి కలిసి ఉందో చూడండి. అంబాసిడర్ పుట్టింది బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో పాజిటివ్‌ను బాడీకి కలపడం మామూలు. బాగా పాత బండిలో అలాగే ఉంటే కొత్త సెట్టు బిగించడానికి లేదు, ఎందుకంటే దాని లోహపు పెట్టె మొత్తం నెగటివే. మావయ్య కారు నెగటివ్ ఎర్త్, బతికిపోయాం.

ఇక సెట్టు వెనక వైర్లు. చాలా కంపెనీలు వాడే రంగులు ఇవీ: పసుపు ఎప్పుడూ కరెంటుండే లైను, ఎరుపు తాళం తిప్పాక వచ్చే లైను, నలుపు ఎర్త్. పసుపూ ఎరుపూ తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ స్టేషన్లు మర్చిపోతుంది. రెండింటినీ ఎప్పుడూ కరెంటుండే లైనుకే కలిపేస్తే బ్యాటరీ కరిగిపోతుంది. ఆగి ఉన్న బండిలో సెట్టు 50 మిల్లీఆంపియర్లు తాగుతోందనుకోండి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పదిహేడు రోజుల్లో సగానికి వస్తుంది. పెళ్లిళ్ల సీజనులో తప్ప కదలని బండికి ఇది చిన్న విషయం కాదు. నీలం వైరు ఆటోమేటిక్ యాంటెనాకి. అక్కర్లేకపోతే టేపు చుట్టి వదిలెయ్యాలి, ఎర్త్‌కి మాత్రం కలపకూడదు.

స్పీకర్ల దగ్గర నేను రెండో తప్పు చేశాను. పాత రేడియోలో స్పీకర్‌కు ఒకే వైరు వెళ్లేది, రెండో కొస బాడీకి. నేనూ కొత్త సెట్టు స్పీకర్ నెగటివ్‌లన్నీ బాడీకి కలిపాను. సెట్టు ‘ప్రొటెక్ట్’ అని చూపించి పడుకుంది. కొత్త సెట్లలో స్పీకర్ రెండు కొసల్నీ రెండు యాంప్లిఫైయర్లు నడుపుతాయి. మన పుస్తకాల్లో ‘బ్రిడ్జ్ టైడ్ లోడ్’ అని ఉండేది ఇదే. రెండు కొసల్లోనూ సప్లైలో సగం వోల్టేజీ నిలబడి ఉంటుంది. ఒకదాన్ని బాడీకి కలిపితే యాంప్లిఫైయర్‌ను షార్ట్ చేసినట్టే. పరీక్షలో ఈ సర్క్యూట్ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే నేను. ఎదురుగా ఉన్నది అదేనని తట్టలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. ఇంజిన్ తిరుగుతుంటే సప్లై 14.4 వోల్టులు అనుకుందాం. స్పీకర్ 4 ఓమ్‌లు. బ్రిడ్జ్ పద్ధతిలో 14.4 వోల్టులూ స్పీకర్ మీదికి వస్తాయి. 14.4 వర్గాన్ని 4తో భాగిస్తే దాదాపు 52 వాట్లు. పెట్టె మీది 50 ఇదే. కానీ అది స్క్వేర్ వేవ్ లెక్క, అంటే పాట పూర్తిగా పగిలిపోయాక వచ్చే శబ్దం. సైన్ వేవ్‌కి అందులో సగం, 26. ట్రాన్సిస్టర్లలో పోయేది తీసేస్తే 20కి అటూ ఇటూ. నాలుగు స్పీకర్లకు 80 వాట్లు. 10 ఆంపియర్ల ఫ్యూజు 144 వాట్ల దాకా లోపలికి రానిస్తుంది, చాలు. అట్టపెట్టె పూర్తిగా అబద్ధం చెప్పలేదు, అలాగని నిజమూ చెప్పలేదు.

ఉప్పుగాలి, గురగుర

కోనసీమలో ఎర్త్ పాయింటు ప్రత్యేకంగా చూడాలి. సముద్రపు గాలికి స్క్రూ కింద తుప్పు పడుతుంది, పైకి కనపడదు. పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాయాలి. తర్వాత సెట్టును గట్టిగా పెట్టి, దాని బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటరు పెట్టండి. 0.1 వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ మళ్లీ విప్పాల్సిందే.

ఇంజిన్ స్టార్ట్ చేయగానే రేడియోలో టకటక మొదలై, యాక్సిలరేటర్‌తో పాటు వేగం పెరుగుతుంటే అది ఇగ్నిషన్ నుంచి. రెసిస్టర్ ఉన్న ప్లగ్ క్యాప్‌లు వేస్తే చాలా వరకు పోతుంది. సన్నటి కూత అయితే డైనమో నుంచి. డైనమో పెద్ద టెర్మినల్ ‘డి’కి ఓ కండెన్సర్ కలుపుతారు. పొరపాటున చిన్న టెర్మినల్ ‘ఎఫ్’కి కలిపితే రెగ్యులేటర్ కాంటాక్టులు కాలతాయి.

డ్యాష్‌బోర్డు మాత్రం కొయ్యకండి. కొత్త సెట్టు ముఖం కొలత సుమారు 180 × 50 మిల్లీమీటర్లు. డ్యాష్‌బోర్డు కింద విడి బ్రాకెట్‌లో కూర్చుంటుంది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. కోసిన ముక్క మళ్లీ రాదు. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉన్న కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. మావయ్య కారు ఆ వయసుకు ఎంతో దూరంలో లేదు.

ఉద్యోగానికి దీనితో ఏం పని?

నేటి కారులో రేడియోకి ఇలా ఒక్కో పనికి ఒక్కో వైరు ఉండదు. బాష్ 1986లో తెచ్చిన క్యాన్ బస్ మీద, రెండు వైర్ల మీదుగా సందేశాలు వెళ్తాయి. తాళం తిప్పారన్న సంగతి కూడా కొన్ని కార్లలో సందేశంగానే వస్తుంది. కానీ బెంగళూరులో బాష్, హర్మన్, హైదరాబాద్‌లో జెడ్‌ఎఫ్ లాంటి సంస్థల్లో టెస్టింగ్, వ్యాలిడేషన్, హార్నెస్ డిజైన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లను అడిగేవి మళ్లీ ఇవే: ఎర్త్ ఎక్కడ, ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎంత, ఫ్యూజు ఎందుకంత. రెజ్యూమెలో ‘కారు స్టీరియో బిగించాను’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘12 వోల్టుల పాత వైరింగ్‌లో ఎర్త్ డ్రాప్, స్టాండ్‌బై కరెంటు కొలిచి లోపం పట్టుకున్నాను’ అని, మీరు కొలిచిన అంకెలతో రాయండి. కొలవకపోతే రాయకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఈ పొగ కథే నడిచింది. ప్యానెల్‌లో ఒకాయన బోర్డు దగ్గరకు పిలిచి ఫ్యూజు ఎక్కడ పెట్టాలో గీయమన్నారు. ఈసారి జానెడు దూరంలోనే గీశాను.

ఇంతకీ మావయ్య ఆ సెట్టులో బ్లూటూత్ వాడడు. ఆయనకు కావాల్సింది విజయవాడ ఆకాశవాణి, మీడియం వేవ్ 837. మొదటి రోజు ఎంత తిప్పినా అది దొరకలేదు, 830 తర్వాత 840కి దూకేసేది. అమెరికాలో స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో ఉంటాయి, మన దగ్గర 9. సెట్టింగ్స్‌లో ఏరియా మార్చాక 837 దగ్గర ఆగింది. మావయ్య సౌండ్ పెంచి, నన్ను ముందు సీట్లో కూర్చోమని తలుపు తీశాడు.