మూడవ పెడలు

యంత్రము మనుష్యుని శ్రమను తగ్గించుటకే పుట్టినదని చిన్నతరగతుల పాఠ్యపుస్తకములు చెప్పుచుండును. అట్లు తగ్గిన శ్రమను మరల కోరి నెత్తిన పెట్టుకొనుటకై సెలవుదినములను వెచ్చించి, చేతులు నూనెమయము చేసికొని, కారు క్రింద వెల్లకిల పరుండువారు కూడ లోకమున నున్నారు. అమెరికాలో ఇట్టివారు అరుదు కారు. తనంతట తాను గేర్లు మార్చుకొను కారును కొని, ఆ ఏర్పాటును ఊడదీసి, క్లచ్చి త్రొక్కి చేతితో గేరు మార్చెడు పాత పద్ధతిని తమ ఇంటి షెడ్డులోనే అమర్చుకొందురు. చూచువారికి ఇది పిచ్చిగా తోచవచ్చును. కాని గేరు అనగా నేమో, క్లచ్చి ఎందులకో తెలిసికొనుటకు ఇంతకు మించిన ప్రయోగశాల దొరకదు.

పెట్రోలు ఇంజనుకు పుట్టుకతో వచ్చిన లోపమొకటి కలదు. ఆవిరియంత్రము నిలిచియున్న స్థితినుండియే బలముగా లాగగలదు. పెట్రోలు ఇంజను అట్లు కాదు. అది నిమిషమునకు కొన్ని వందల చుట్లు తిరుగుచున్నప్పుడే బలము నిచ్చును. దానిని నిలిచియున్న చక్రములకు నేరుగా కట్టినచో తానును ఆగిపోవును. కనుక ఇంజనుకును చక్రములకును నడుమ ఇద్దరు మధ్యవర్తులు అవసరమైరి. అవసరమును బట్టి ఆ రెంటిని కలుపుచు విడదీయుచు నుండునది క్లచ్చి. వేగమును తగ్గించి బలమును పెంచునది గేరుబాక్సు. చిన్న పళ్ళచక్రము మూడుసార్లు తిరిగి పెద్దచక్రము నొకసారి త్రిప్పినచో వేగము మూడవ వంతగును, త్రిప్పుబలము మూడురెట్లగును. పలుగుతో బండను లేపెడు కూలివాని యుపాయమే ఇది. గుండ్రముగా వంచబడినది, అంతే.

ఈ మధ్యవర్తుల పనిని కారే చూచుకొనవలెనన్న కోరిక పాతదే. ద్రవము ద్వారా శక్తిని ఒక చక్రమునుండి వేరొక చక్రమునకు పంపు సాధనమునకు జర్మను ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లోనే పేటెంటు పొందెను. ఆయన దృష్టి ఓడలపై నుండెను. రెండు విద్యుత్తు పంకాలను ఎదురెదురుగా నిలిపి ఒకదానిని త్రిప్పినచో, ఆ గాలికి రెండవది కూడ తిరుగును. గాలికి బదులు నూనె ఉన్నచో అదియే ఈ సాధనము. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబీల్ కార్లకు ‘హైడ్రామాటిక్’ అను గేరుబాక్సును ప్రకటించెను. అంతటితో క్లచ్చి పెడలు మాయమయ్యెను. కాలికింద మూడుండవలసినచోట రెండే మిగిలినవి.

ఇపుడు మన కథకు నాయకుడైన కారును చూతము. 1964 ఏప్రిలు 17న ఫోర్డు సంస్థ న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ‘మస్టాంగ్’ కారును విడుదల చేసెను. తొలి యేడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో కొన్నవారిలో అనేకులు ‘సి-4’ అను మూడు గేర్ల స్వయంచాలక పెట్టెను ఎన్నుకొనిరి. ఆరు దశాబ్దములు గడచినవి. ఆ కార్లు కొడుకులకును మనుమలకును దక్కినవి. వీరిలో పలువురు ‘సి-4’ను దింపి, బోర్గ్ వార్నర్ సంస్థవారి ‘టి-5’ అను అయిదు గేర్ల పెట్టెను ఎక్కించుచున్నారు. ఇది 1983నుండి మస్టాంగులలోనే అమర్చబడినది గనుక దూరపు చుట్టమేమియు కాదు.

లెక్క చూచినచో కారణము తెలియును. ‘సి-4’లో మొదటి గేరున ఇంజను 2.46 చుట్లు తిరిగిన వెనుకకు పోవు షాఫ్టు ఒక చుట్టు తిరుగును. రెండవ గేరున 1.46, మూడవ గేరున ఒకటికొకటి. 1985 తరువాతి ఎనిమిది సిలిండర్ల మస్టాంగులలోని ‘టి-5’లో మొదటిది 3.35, అయిదవది 0.68. అనగా బయలుదేరునపుడు బలమెక్కువ. దూరప్రయాణమున పాత పెట్టెతో నూరు చుట్లు తిరుగవలసిన ఇంజను 68 చుట్లతో సరిపెట్టుకొనును. చప్పుడు తగ్గును, పెట్రోలు మిగులును.

అయితే లెక్కకు అందని కారణమే అసలైనది. ‘సి-4’కు కన్నులు లేవు. కారు వేగమును, ఇంజనుపై పడిన భారమును మాత్రమే అది గ్రహించగలదు. ఎదుట మలుపున్నదనియు, దానికావల ఎత్తున్నదనియు తోలువానికి తెలియును, పెట్టెకు తెలియదు. ఘాటురోడ్డున లారీ నడుపు మన డ్రైవరు ఎత్తు రాకమునుపే గేరు తగ్గించుట ఎందరో చూచియుందురు. ఆ ముందుచూపును మరల తన చేతిలోనికి తెచ్చుకొనుటకే ఇంత తంటా.

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్నారు. గేరుబాక్సు మార్చి చూడు అని కూడ చేర్చవచ్చును. పెట్టెను దింపి పెట్టెను ఎక్కించుటతో పని తీరదు. క్లచ్చితో పుట్టని కారులో క్లచ్చికి సంబంధించినదేదియు ఉండదు. పెడలు లేదు, పెడలునుండి ఇంజనువరకు త్రోపును చేరవేయు కడ్డీలు లేవు. ఉన్న బ్రేకు పెడలు కూడ పనికిరాదు. అది రెండు పాదముల వెడల్పుండును. ఎడమకాలు క్లచ్చికై పోయినప్పుడెల్ల దానిని తాకును. సన్నని పెడలును వేయుటకై డ్యాష్‌బోర్డు క్రింద తలక్రిందులుగా దూరి చేయు పని గేరుబాక్సు పనికంటె విసుగు పుట్టించును.

పాత పెట్టె దింపుట సాహసము కాదు, జాగ్రత్త. అది సుమారు 50 కిలోల బరువు. జాకీ ఒక్కదానిని నమ్మి కారు క్రింద దూరుట చావును పిలుచుటయే. గట్టి స్టాండ్లపై కారును నిలిపి, త్రోసి చూచి, పిమ్మటనే దూరవలెను. నూనె అంతయు కారిపోయినదనుకొన్న తరువాత కూడ ద్రవచక్రములో కొంత దాగియుండి ముఖముపై కురియుట ఈ వృత్తిలోని నామకరణోత్సవము.

విద్యార్థులు తప్పక గమనింపదగిన ఘట్టము ఫ్లైవీలుది. ఫ్లైవీలు అన్ని వైపుల సమానమైన బరువుతో నుండునని ఎవరైనను అనుకొందురు. ఈ జాతి ఫోర్డు ఇంజనులలో అట్లు కాదు. ఇంజను లోపలి షాఫ్టుకు చాలని తూకమును పూరించుటకై ఫ్లైవీలును బుద్ధిపూర్వకముగా ఒకవైపు బరువుగా చేసిరి. 1981వరకు ఆ తేడా 28 ఔన్సు-అంగుళములు. అనగా కేంద్రమునుండి నాలుగంగుళముల దూరమున ఏడు ఔన్సులు ఉంచినట్లు. తరువాతి ఇంజనులలో దానిని 50 చేసిరి. ‘టి-5’తో పాటు పాతసామానుల అంగడిలో చవుకగా దొరికిన 1980ల నాటి ఫ్లైవీలును తెచ్చి 1960ల నాటి ఇంజనుకు బిగించినచో, కారు జ్వరము వచ్చినట్లు వణకును. గేరుబాక్సు చెడినదని దానిని మరల దింపి, మరల ఎక్కించి, కారణము తెలియక కుమిలినవారు ఉన్నారు. భౌతికశాస్త్రములో ‘భ్రామకము’ అను పాఠమును పరీక్షకొరకు బట్టీపట్టినవాడు ఇచట చిక్కుపడును. అర్థము చేసికొన్నవాడు కొనుటకు ముందే అడుగును.

ఇంజను వెనుకనున్న రంధ్రములో చిన్న బుష్ ఒకటి వేయవలెను. గేరుబాక్సు షాఫ్టు కొన దానిలో ఆనుకొని తిరుగును. స్వయంచాలక కారుకు దాని అవసరము లేదు గనుక ఆ రంధ్రము ఖాళీగా నుండును. అరచేతిలో ఇమిడెడు ఈ బుష్‌ను మరచినవాడు చేసిన పనినంతయు విప్పుకొనవలెను. క్లచ్చి ప్లేటును కూడ సరిగా నడుమకు చేర్చి బిగించవలెను. లేనిచో షాఫ్టు లోనికి పోదు. పోనప్పుడు బోల్టులు బిగించి బలవంతముగా లాగుట మొరటుతనము. సరిగా కుదిరినచో పెట్టె చేతిత్రోపుకే లోనికి జారును.

ఇక ప్రాణములకు సంబంధించిన సంగతి. స్వయంచాలక కారు ‘పార్కు’ లేక ‘న్యూట్రల్’ స్థానమున ఉన్నపుడే తాళమునకు పలుకును. పాత పెట్టెతో ఆ స్విచ్చి పోవును. కారు స్టార్టు కాకపోవుట చూచి, తీగలు రెంటిని ముడివేసి ఊరకుందురు కొందరు. అపుడు కారు గేరులో నున్నను తాళము త్రిప్పగానే ముందుకు దూకును. షెడ్డు ముంగిట బిడ్డ ఆడుకొనుచుండవచ్చును. ఆ తీగలను క్లచ్చి పెడలువద్ద నొక స్విచ్చికి కలిపి, పెడలు త్రొక్కినగాని ఇంజను పలుకకుండునట్లు చేయుటకు పట్టునది ఒక సాయంకాలము. దీనిని వదలినవాని పని ఎంత నైపుణ్యముగా కనిపించినను అసంపూర్ణమే.

తలుపుకున్న లోహపు రేకుపై కారు ఏ గేరుబాక్సుతో పుట్టినదో తెలుపు గుర్తు చెక్కబడియుండును. ఇక ఆ గుర్తు అబద్ధము చెప్పును. అందుచే వివేకవంతులు పాత పెట్టెను గుడ్డచుట్టి భద్రపరచుదురు. అమ్మునపుడు కొనువానికి నిజము చెప్పుదురు.

చమత్కారమేమనగా, 1985 తరువాతి ‘టి-5’లో పోయవలసినది చిక్కని గేరునూనె కాదు, స్వయంచాలక పెట్టెలలో వాడు పలుచని ఎఱ్ఱనూనె జాతియే.

మన దేశమున అమ్ముడగు కార్లలో నేటికిని చేతిగేరు కార్లే ఎక్కువ. ఇక్కడ తోలుట నేర్చి అమెరికా వెళ్ళిన తెలుగు యువకుడు అట్టి కారులో కూర్చున్నచో క్లచ్చి ఎడమకాలికే తగులును గాని, గేరుకై ఎడమచేయి తలుపును తడుముకొనును. అక్కడ గేరు కుడిచేతి వైపున నుండును. దాని కలవాటుపడుటకు రెండు దినములు చాలును. అంతకంటె కష్టమైనది కారును ఏటవాలున నిలుపుట. చక్రములను బంధించు ‘పార్కు’ కొక్కెము పాత పెట్టెతోనే పోయినది. సంవత్సరముల తరబడి ముట్టని హ్యాండుబ్రేకు తీగ తుప్పుపట్టియుండును. దానిని ముందు బాగుచేసి, గట్టిగా లాగి, మొదటి గేరులో ఉంచి, ముందుచక్రములను వాలునకు తగిన వైపునకు త్రిప్పి, అప్పుడు దిగవలెను.