హార్మోను చికిత్స - దేహపరిశ్రమ

మన ఇళ్ళలో పెద్దవారికి జబ్బు చేసినప్పుడు మొదట వినిపించే మాట "కదలకండి, పడుకోండి" అన్నదే. ప్రోస్టేట్ క్యాన్సరుకు హార్మోను చికిత్స పొందుతున్నవారి విషయంలో ఈ ఆప్యాయత మేలు చేయదని మేము మనవి చేయదలచాము.

ఈ క్యాన్సరు పురుష హార్మోనయిన టెస్టోస్టిరోనుపై ఆధారపడి పెరుగుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ నిరూపించారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ హార్మోనును అణచివేయడమే ఈ చికిత్స. అయితే కండకు బలాన్నీ, ఎముకకు గట్టిదనాన్నీ ఇచ్చేదీ అదే కదా! అది తగ్గగానే కండ కరుగుతుంది, కొవ్వు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. ఎంత పడుకున్నా తీరని అలసట ఆవరిస్తుంది. విచిత్రమేమంటే, ఆ అలసట వ్యాయామంతో తగ్గుతుంది.

వారానికి 150 నిమిషాల నడక మంచిదే. కాని నడక ఒక్కటే చాలదు. కండ నిలవాలంటే దానికి బరువు తగలాలి. వారానికి రెండుసార్లయినా చేతి ఊత లేకుండా కుర్చీలోనుండి లేచి కూర్చోవడం, నీళ్ళ సీసాలు ఎత్తి దింపడం వంటివి చేయాలి. కూరగాయల సంచి తామే మోస్తామని తాతగారంటే మోయనివ్వాలి. క్యాన్సరు ఎముకలకు పాకినవారు మాత్రం వైద్యుని అడిగిన తరువాతనే బరువులెత్తాలి. అట్టివారికి ఎముక సులభంగా విరుగుతుంది.