ఓరుగంటి నల్లరాయి

హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించెను. అచటి నల్లరాతి స్తంభములును, నందియు అద్దమువలె నిగనిగలాడుచుండును. చుట్టుప్రక్కల గుట్టలు మాత్రము బూడిదరంగు, లేత గులాబిరంగు గ్రానైటువి. మరి ఈ నల్లరాయి ఎక్కడిది?

దాని పేరు డోలరైటు. తెలంగాణములోని గ్రానైటు నేలలో పెక్కుచోట్ల ఇది గోడవలె బారులు తీరియుండును. కొన్నిచోట్ల నల్లని గుండ్లు పేర్చిన గట్టువలె కనబడును. ఇట్టి రాతిగోడను భూగర్భశాస్త్రజ్ఞులు 'డైకు' అందురు.

భూమి లోతున కరగిన శిలాద్రవము పైకి వచ్చుచు రాతి పగుళ్లలో చొరబడును. అది నేలపైకి పొంగి పారినచో త్వరగా చల్లారి, కంటికి ఆనని సన్నని స్ఫటికములుగల బసాల్టు అగును. పగులులోనే నిలిచిపోయినచో మెల్లగా చల్లారును, స్ఫటికములు పెద్దవగును. అదియే డోలరైటు. రెండింటి పదార్థ మొక్కటే; చల్లారిన తీరు వేరు.

వికారాబాదు వైపున కనబడు బసాల్టు పొరలు సుమారు 6.6 కోట్ల సంవత్సరముల నాటివి. డైకులు అంతకంటె మిక్కిలి ప్రాచీనములు. యురేనియము సీసముగా మారు లెక్కనుబట్టి, దక్షిణాపథపు పురాతన శిలాఖండములోని కొన్ని డైకుల వయస్సు సుమారు 237 కోట్ల సంవత్సరములని తేలినది. నాడు వీని మీదుగా లావా పొంగియుండిన చోట్ల నేడు దాని జాడ లేదు. ఎండకు, వానకు పైనేల అరిగిపోయి వేళ్లు మాత్రమే మిగిలినవి.

అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో ఈ మార్పు నడిమిదశ కనబడును. అచటి షిప్‌రాక్ శిఖరము సుమారు 3 కోట్ల సంవత్సరముల నాటి అగ్నిపర్వతపు గొంతులో గడ్డకట్టిన రాయి. చుట్టునున్న మెత్తని రాయి కొట్టుకొనిపోగా అది సుమారు 480 మీటర్ల ఎత్తున నిలిచినది; దానినుండి డైకులు గోడలవలె సాగినవి.

డైకుతో రైతునకును పనియున్నది. పగుళ్లులేని డైకు భూమిలోపల ఆనకట్టవలె నీటిని అడ్డగించును. నీరు వచ్చు వైపున త్రవ్విన బావి నిండుగా నుండి, ఆవలి బావి వట్టిపోవచ్చును. వ్యాపారులు ఈ రాతినే 'నల్ల గ్రానైటు' అని అమ్ముదురు. నిజమునకది గ్రానైటు కాదు. కొట్టి తరలించిన డైకు మరల మొలవదు.

విద్యార్థులు గుడికి వెళ్లినప్పుడు స్తంభమును చూచి ఊరకుండక, దారిలో నల్లని గట్టు కనబడునేమో పరికింపవలెను. గ్రానైటు ముక్కను, డోలరైటు ముక్కను ప్రక్కప్రక్కన ఉంచి భూతద్దముతో చూచినచో, శిలాద్రవము చల్లారిన కథ వారికే తెలియును.