ఇటుక బట్టీ పొగ.. మామిడి తోటకు సెగ

వేసవి వచ్చిందంటే ఆదివారం లిటిల్ ఇండియాలో నడిచేటప్పుడు ముక్కుకు ముందు తగిలేది మామిడిపండు వాసనే. టెక్కా మార్కెట్ దగ్గర అట్టపెట్టెల్లో బంగినపల్లి కాయలు కనిపిస్తాయి. ధర అడిగి, మన రూపాయల్లోకి లెక్క కట్టుకుని, 'ఊళ్లో ఇవి చెట్టు కింద రాలిపోయే కాయలు కదా' అనుకుంటూ ముందుకు సాగిపోతాం. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మో నాన్నో తోట సంగతి చెబుతారు. "పూత బాగానే నిలిచింది నాయనా, కాయే కొన నల్లబడి రాలిపోతోంది" అన్న మాట మనలో కొందరికి వినబడే ఉంటుంది. ఏదైనా మందు కొట్టించమని డబ్బు పంపుతాం. ఏ మందు, ఏ జబ్బుకు అన్నది అటువైపూ తెలియదు, ఇటువైపూ తెలియదు.

కాయ ఒళ్లంతా బాగుండి కొన ఒక్కటే నల్లబడుతోందంటే, తోటకు దగ్గరలో ఇటుక బట్టీ ఉందేమో ముందు చూడాలి. అది పురుగు చేసిన పని కాకపోవచ్చు. పొగ చేసిన పని కావచ్చు.

వందేళ్ల నాటి జబ్బు

ఈ జబ్బును ఇంగ్లీషులో బ్లాక్ టిప్ అంటారు. మనం నల్లకొన అనుకుందాం. బీహారు మామిడి తోటల్లో దీన్ని వందేళ్ల కిందటే గుర్తించారు. ఉత్తరప్రదేశ్‌లో దశేరి రకానికి ఇది ఎక్కువగా వస్తుంది. దీనికి కారణం శిలీంధ్రమూ కాదు, బాక్టీరియా కూడా కాదు. బట్టీలో బొగ్గు కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్ వంటి వాయువులే కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇథిలీన్ అంటే కొత్త వస్తువేమీ కాదు. మన పెద్దవాళ్లు అరటి గెలలను గదిలో పెట్టి, తలుపు మూసి, పొగ పెట్టి మగ్గించేవారు. ఆ పొగలోని ఇథిలీనే కాయను పండుగా మార్చేది. ముదిరిన గెలకు గదిలో పెట్టిన పొగ మేలు చేసింది. గోళీకాయంత పిందెకు ఆరుబయట రోజుల తరబడి తగిలే పొగ కీడు చేస్తుంది. పిందె కొన ముందు పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత గోధుమ రంగుకు, చివరికి నలుపుకు. కొన భాగం చప్పిడిగా అణిగిపోయి గట్టిపడుతుంది. కాయ ముదరకముందే పండు రంగు వచ్చి రాలిపోతుంది.

సల్ఫర్ డయాక్సైడ్ ఆకుల సూక్ష్మరంధ్రాల్లోంచి లోపలికి పోయి అంచులను మాడ్చేస్తుంది. మసి, ధూళి ఆకు మీద పేరుకుంటే ఎండ సరిగా అందదు. ఎండ అందని ఆకు కాయకు తిండి పెట్టలేదు.

ప్రతి నలుపూ పొగ కాదు

తొందరపడి బట్టీ మీద నింద వేయకూడదు. తేనెమంచు పురుగు పట్టిన తోటలో ఆకుల మీద, కాయల మీద నల్లని మసి కడుతుంది. దాన్ని వేలితో తుడిస్తే ఊడి వస్తుంది. అది మసి తెగులు. పక్షికన్ను తెగులు వస్తే మచ్చలు కాయ మీద అక్కడక్కడా చెదిరి ఉంటాయి. నల్లకొన అలా ఉండదు. తుడిస్తే పోదు, కాయ చివర తప్ప ఇంకెక్కడా ఉండదు. ఇంకొక గుర్తు కూడా ఉంది. బట్టీ వైపు ఉన్న చెట్లకు, గాలివాటున ఉన్న చెట్లకు దెబ్బ ఎక్కువ, దూరపు చెట్లకు తక్కువ. తోటలో ఆ మూల నుంచి ఈ మూలకు ఒకసారి నడిచి చూస్తే తేడా తెలిసిపోతుంది.

కాలం కూడా కలిసిరాదు. వానలు వెనకబట్టాక ఇటుకలు కోయడం మొదలుపెట్టి, మళ్లీ వానలు పడేదాకా బట్టీలు కాలుస్తారు. మామిడి పూత, పిందె, కాయ అన్నీ సరిగ్గా ఆ నెలల్లోనే.

నష్టం చెట్టుతో ఆగదు. మన వైపు చాలామంది పూత మీదే తోటను గుత్తకిస్తారు. ఒక ఏడాది కొన నల్లబడిన కాయ దిగితే మరుసటి ఏడు వ్యాపారి ధర తెగ్గోస్తాడు. తర్వాత అసలు రానే రాడు. సింగపూర్ రావడానికి చేసిన అప్పు తీర్చడంలో ఆ గుత్త డబ్బుకూ చోటుంటుంది. కాపు పోయిందని విసిగిపోయి ఇంట్లో వాళ్లు చెట్లు కొట్టించేద్దామంటారు. అంటు మొక్క నాటితే మళ్లీ కాపు చూడటానికి నాలుగైదేళ్లు ఆగాలి. కాబట్టి గొడ్డలి పట్టకముందే కారణం తెలుసుకోవాలి.

ఆ ఇటుకలు ఎవరి కోసం?

ఇక్కడ ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. ఊళ్లో ఇటుకలు కొనేవాళ్లలో మనమూ ఉన్నాం. రెండేళ్లు ఓవర్‌టైమ్ చేసి, కడుపు కట్టుకుని పంపిన డబ్బుతో పెంకుటిల్లు తీసి డాబా కడతాం. ఆ డాబాకు ఇటుక కావాలి. ఇటుకకు మట్టి కావాలి, ఆ మట్టి కోసం పొలాన్ని లీజుకిచ్చేదీ మన ఊరివాళ్లే. మన ఇల్లు లేస్తుంటే మన తోట మాడుతోందన్నమాట.

ఆ పొగ మొదట తగిలేది చెట్లకు కూడా కాదు. బట్టీల్లో పని చేసేవాళ్లలో చాలామంది ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు. తెలంగాణలో పెద్దపల్లి వంటి చోట్ల వాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో వచ్చి, బట్టీ పక్కనే గుడిసె వేసుకుంటారు. వాళ్లూ మనలాంటి వలస జీవులే.

దూరమే మందు

పొగ సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 2013 జూన్ 21న సింగపూర్‌లో గాలి కాలుష్య సూచిక 401కి చేరింది. మాస్కులు కట్టుకుని పనిలోకి దిగిన అన్నలు ఆ రోజులను ఇప్పటికీ చెబుతుంటారు. ఆ పొగ ఇక్కడిది కాదు. తోటల కోసం సుమత్రాలో తగలబెట్టిన భూముల నుంచి సముద్రం దాటి వచ్చింది. మరుసటి ఏడాది, 2014లో, సరిహద్దు దాటి వచ్చే పొగపై సింగపూర్ ఏకంగా చట్టమే చేసింది.

ఈ దేశం పెట్రో కెమికల్ కర్మాగారాలను జురాంగ్ ఐలండ్ మీద పెట్టింది. ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి ఒకే దీవిగా చేశారు. అక్కడ పని చేసే మన వాళ్లకు చెక్‌పోస్టు, పాసు అన్నీ తెలిసినవే. పొగ వదిలే పరిశ్రమకూ నివాసాలకూ మధ్య దూరం ఉండాలన్న ఆలోచన అది.

మన దేశంలోనూ ఆ ఆలోచన చట్టంలో ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇటుక బట్టీలపై ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం బట్టీని నివాసాలకూ పండ్ల తోటలకూ కనీసం 0.8 కిలోమీటరు దూరంలో పెట్టాలి. అంటే 800 మీటర్లు. ఒక బట్టీకీ మరొక బట్టీకీ మధ్య కనీసం కిలోమీటరు ఉండాలి. పాత బట్టీలు జిగ్‌జాగ్ వంటి మెరుగైన పద్ధతికి మారాలని గడువు కూడా పెట్టింది. జిగ్‌జాగ్‌లో ఇటుకలను వంకరటింకర దారి వచ్చేలా పేరుస్తారు. వేడిగాలి మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి బొగ్గు బాగా కాలి, నల్లపొగ తగ్గుతుంది. పండ్ల తోటలు అన్న మాట చట్టంలోనే ఉందని ఊళ్లో చాలామందికి తెలియదు. ఈ వారం ఫోన్‌లో ఈ ఒక్క ముక్క చెప్పినా మేలే.

ఇక్కడి నుంచి మనం చేయగలిగింది

* ఇంట్లో వాళ్లతో తోట ఫొటోలు తీయించండి. బట్టీ వైపు చెట్టు ఒకటి, దూరపు చెట్టు ఒకటి. కాయ కొన దగ్గరగా కనిపించాలి. తేదీ రాసి పెట్టుకోండి. రేపు ఫిర్యాదు చేయాలన్నా ఇవే ఆధారం.

* మండల ఉద్యాన అధికారిని తోటకు పిలిపించమనండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు కాదు.

* నల్లకొనే అని తేలితే లీటరు నీటికి 6 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లమంటారు. పూత విచ్చకముందు ఒకసారి, పూత మీద ఒకసారి, పిందె కట్టాక ఒకసారి. అధికారిని అడిగాకే చల్లించండి. దీంతో నష్టం తగ్గుతుంది కానీ పొగ ఆగదు.

* బట్టీ యజమాని చాలాసార్లు తెలిసినవాడే, ఒక్కోసారి చుట్టం కూడా. ముందు పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడించండి. పిందె దశ దాటేదాకా తోట పక్క బట్టీ ముట్టించవద్దని అడగడంలో తప్పు లేదు.

* మాట వినకపోతే కలెక్టరేట్‌లో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి. నష్టపరిహారం కోసం చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి కూడా వెళ్లవచ్చు. నష్టం మొదలైన అయిదేళ్లలోపు వెళ్లాలి.

* ఇల్లు కట్టబోతున్నవాళ్లు ఫ్లైయాష్ ఇటుకల ధర కూడా అడగండి. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఈ ఇటుకలను బట్టీలో కాల్చరు, నీళ్లతో తడిపి గట్టిపరుస్తారు. ఎర్ర ఇటుకే కావాలంటే ఆ బట్టీ ఎక్కడుందో, పక్కన ఎవరి తోట ఉందో మేస్త్రీని అడగండి.

మన తోటకు పొగ తగిలితే మనకు కోపం వస్తుంది. మన ఇంటి ఇటుక పొగ పక్కూరి తోటకు తగిలినప్పుడు ఆ కోపం ఇంకొకరికి వస్తుంది. ఇటుక కొనేది మన డబ్బే కాబట్టి ఇందులో కొంత మన చేతిలోనే ఉంది. వచ్చే ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు కాపు ఎంత అని మాత్రమే అడగకండి. కాయ కొన ఎలా ఉందో కూడా అడగండి.